విగ్రహం చేసిన చేతులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో విశ్రాంత సీనియర్ అసిస్టెంటు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. చంద్రశేఖరపురం)



ఈ డిసెంబరు 17వ తేదీ మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు వారు పెన్షన్ అనేది దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పారు. ఏటా ఈ సభలో నేను డి.ఆర్. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడడం రివాజు. ఈసారి కార్యదర్శి గారు, "అన్నా, ఆ సంగతులు నేను చూసుకుంటా. లండన్‌లో గాంధీగారి విగ్రహం చేసినామె గురించి ఇంట్లో చెప్పావే, అది చెప్పు" అన్నారు. చెప్తాను. అయితే ఆమె గురించి చెప్పడం మొదలుపెడితే నా సర్వీసులో నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పుకోవలసి వస్తుంది. అది చివర్లో చెప్తాను. వినక తప్పదు.

2019 వేసవిలో మా ఇంటావిడా నేనూ మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లి మూడు నెలలు ఉన్నాము. అక్కడి సంగతి మీలో పిల్లలు విదేశాల్లో ఉన్నవారందరికీ తెలిసిందే. ఉదయం ఎనిమిదికల్లా అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళ్లిపోతారు. తలుపులు మూసిన వీధి. పలకరించే మనిషి లేడు. ఒక శనివారం నాడు మా మనవరాలు, అప్పటికి దానికి పదకొండేళ్లు, "తాతయ్యా, నీకు గాంధీ తాతను చూపిస్తా పద" అని బస్సెక్కించి తీసుకుపోయింది.

టావిస్టాక్ స్క్వేర్ అని ఆ చోటి పేరు. నాలుగు వైపులా పెద్ద కట్టడాలు, మధ్యలో చెట్లతో చిన్న తోట. ఆ తోట నడిబొడ్డున గాంధీగారు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. కంచు విగ్రహం. భుజం మీద దుప్పటి, తల కొంచెం వంచి, తనలో తాను ఏదో ఆలోచించుకుంటున్నట్టు ఉంటారు. పీఠం మన ఊళ్లలో మాదిరి దిమ్మె కాదు. లోపల గుల్లగా, గూడు మాదిరి కట్టారు. వచ్చినవారు ఆ గూట్లో పూలు పెట్టిపోతారు. మనం తులసికోట గూట్లో దీపం పెట్టినట్టన్న మాట. ఆ రోజు కూడా ఎవరో పెట్టిన పూలగుత్తి ఒకటి వాడిపోయి ఉంది.

నేను ఏం చేశాను? చెప్పులు పక్కన విడిచి, దండం పెట్టుకుని, వెంటనే చుట్టూ తిరిగి రాతలు చదవడం మొదలుపెట్టాను. ఎవరు ఆవిష్కరించారు, ఏ తేదీన, ఏ హోదాలో! విగ్రహం కంటే ముందు శిలాఫలకం చదివే జాతి మనది. 1968 మే 17న ఆనాటి బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఆవిష్కరించారని తెలిసి తృప్తిపడి బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు మనవరాలు అడిగింది. "అదంతా సరే తాతయ్యా, దీన్ని చేసిందెవరు?"

నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఎన్నో ప్రారంభోత్సవాల ఫైళ్లు నడిపాను గానీ, చేసిందెవరు అని ఏ ఫైలులోనూ ఎవరూ అడగలేదు. పిల్ల ఊరుకోలేదు. వారం తిరక్కుండా వాళ్ల లైబ్రరీ నుండి, కంప్యూటరు నుండి వివరాలు రాసుకుని వచ్చింది. ఆ పైన నేనూ నాకు చేతనైనంత చదివాను. ఆ శిల్పి పేరు ఫ్రెడా బ్రిలియంట్. ఆడమనిషి. ఇంగ్లండులో పుట్టినది కాదు, ఇండియాలో పుట్టినది కాదు.

ఆమె 1903లో పోలండు దేశంలోని వూచ్ అనే పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. వూచ్ అంటే వాళ్ల భాషలో పడవ అని అర్థమట. పేరుకు తగినట్టే ఆమె జీవితమంతా ఒక రేవులో నిలవని పడవ మాదిరే గడిచింది. ఆ రోజుల్లో ఆ పట్టణం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. బట్టల మిల్లులకు పెట్టింది పేరు. ఊరి జనాభాలో మూడో వంతు యూదులే. మిల్లుల పొగ, కూలీల సమ్మెలు, మతం పేరిట జరిగే దాడుల భయం, వీటి నడుమ పెరిగిన తరం ఆమెది.

1920లలో ఆ కుటుంబం ఓడలెక్కి ఆస్ట్రేలియాకు చేరింది. ఒకసారి చేతిలో గ్లోబు ఉందనుకోండి. పోలండు ఎక్కడ, ఆస్ట్రేలియా ఎక్కడ? భాష వేరు, ఎండ వేరు, తిండి వేరు. ఇరవై ఏళ్లు దాటిన పిల్ల ఆ దేశంలో అడుగుపెట్టింది. బొమ్మలు చేయడం, నాటకాలాడడం, పాటలు పాడడం, అన్నీ ఆమెకు ఇష్టమే. అక్కడి నుండి అమెరికా వెళ్లింది. అక్కడి నుండి 1930లలో మాస్కో చేరింది. మాస్కోలో హెర్బర్ట్ మార్షల్ అనే ఇంగ్లీషు యువకుడు సినిమా విద్య నేర్చుకుంటున్నాడు. ఆయన గురువు ప్రపంచ ప్రసిద్ధి చెందిన రష్యను సినిమా దర్శకుడు ఐసెన్‌స్టీన్. మార్షల్, ఫ్రెడా పెళ్లి చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రాకముందే ఇద్దరూ లండన్ చేరుకున్నారు.

వాళ్లు పోలండులో లేకపోవడం వల్ల ఏమి తప్పిందో ఒక్క మాటలో చెప్పాలి. 1939లో హిట్లర్ సైన్యం పోలండులోకి వచ్చింది. ఆమె పుట్టిన వూచ్‌లో యూదులందరినీ ఒక వాడలోకి తోలి చుట్టూ కంచె వేశారు. సుమారు లక్షా అరవై వేల మందిని అందులో కుక్కారు. తిండి లేక, జబ్బులతో చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లను రైళ్లలో చంపుడు కొట్టాలకు పంపారు. యుద్ధం అయ్యేసరికి మిగిలినది గుప్పెడు మంది. ఆమె తిరిగి వెళ్లడానికి పుట్టిన ఊరు అన్నది ఇక లేదు. ఊరు మ్యాపులో ఉంది, మనుషులు లేరు. మన వైపు కరువుకు వలసపోయినవాళ్లు సంక్రాంతికైనా తిరిగి వస్తారు. ఆమెకు ఆ వీలు కూడా లేదు.

లండన్‌లో ఆ దంపతులు యూనిటీ థియేటర్ అనే కార్మికుల నాటకశాలతో కలిసి పనిచేశారు. అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ 1938లో ఆ నాటకశాలలో పైసా తీసుకోకుండా నటించాడు. ఆ నాటకానికి దర్శకుడు మార్షలే. తరువాత ఆ దంపతులిద్దరూ కలిసి రోబ్సన్ కోసం ఒక సినిమా కథ రాశారు. 1940లో ‘ది ప్రౌడ్ వ్యాలీ’ పేరుతో ఆ సినిమా వచ్చింది. వేల్స్ బొగ్గు గనుల ఊరికి ఒక నల్లజాతి వాడు పని వెతుక్కుంటూ వస్తాడు. పరాయి వాడన్నారు, రంగు వేరన్నారు. తరువాత గనిలో అందరి మొహాలూ బొగ్గు మసితో నల్లనే కదా అని వాళ్లలో కలుపుకున్నారు. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాణ్ణి ఊరు తనవాడుగా చేసుకునే కథ అది. అలాంటి కథ రాసినామె నాలుగు దేశాలు తిరిగి వచ్చినామె అంటే ఆశ్చర్యమేముంది?

మన దేశంతో ఆమె బంధుత్వం కూడా లండన్‌లోనే మొదలయిందని చెప్పాలి. ఆ రోజుల్లో అక్కడ వి.కె. కృష్ణ మేనన్ గారు ఇండియా లీగ్ నడుపుతూ మన స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషు వాళ్ల మధ్యనే ప్రచారం చేస్తుండేవారు. అదే బస్తీలో, సెయింట్ పాంక్రాస్ అనే వార్డుల పరిధిలో, ఆయన 1934 నుండి 1947 వరకు మునిసిపల్ కౌన్సిలరు కూడా. మన వాళ్లు ఆయన్ను రక్షణ మంత్రిగానే ఎరుగుదురు. టావిస్టాక్ స్క్వేర్ ఆ ప్రాంతంలోనిదే. 1950లలో మార్షల్ దంపతులు భారతదేశం వచ్చి కొంతకాలం ఇక్కడ నివసించారు. నెహ్రూ గారి తల, కృష్ణ మేనన్ గారి తల, ఇందిరా గాంధీ గారి తల ఆమె చేతుల్లో మట్టిగా, ఆ పైన కంచుగా రూపుదిద్దుకున్నాయి.

ఇక్కడ కంచు విగ్రహం చేసే పని గురించి రెండు ముక్కలు చెప్పనివ్వండి. విగ్రహం అంటే ఉలితో రాయి కొట్టడమే అని మనం అనుకుంటాము. కంచు విగ్రహానికి ముందు ఇనప ఊచలతో ఒక ఎముకల గూడు కట్టాలి. దాని మీద మట్టి ముద్దలు ముద్దలుగా మెత్తి, బొటనవేలితో ఒత్తి, తీసి, మళ్లీ మెత్తి, మనిషిని చేయాలి. ఆ మట్టి బొమ్మకు అచ్చు తీయాలి. అచ్చులోంచి మైనం బొమ్మ చేసి, దాని చుట్టూ మళ్లీ మూస కట్టి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. అది పోయిన సందులోకి, రాగి తగరం కలిపి సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో కరిగించిన కంచు పోస్తారు. మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతికి ఇది దగ్గర చుట్టమే. పెద్ద విగ్రహమైతే ముక్కలుగా పోసి అతకాలి, సానబట్టాలి. బరువు పని, మంట దగ్గర పని, మగవాళ్ల పని అని ఐరోపాలో కూడా అనుకున్న పని. అందులో ఒక వలస వచ్చిన ఆడమనిషి నిలదొక్కుకుంది.

టావిస్టాక్ గాంధీ దగ్గరికి పోయి చూస్తే ఒళ్లంతా నున్నగా ఉండదు. గరుకుగా, మట్టి మెత్తిన గుర్తులు అట్లాగే కంచులో నిలిచిపోయి ఉంటాయి. మొదట నాకు, "ఇదేమిటి, పాలిష్ సరిగా పెట్టలేదే" అనిపించింది. రెండోసారి పోయినప్పుడు తెలిసింది. అవి చేసినామె వేళ్ల గుర్తులు. వేలిముద్ర అంటే మనకు చదువు రానివాడి సంతకం. చదువుకున్న శిల్పికీ అదే సంతకం!

గాంధీగారిని లండన్‌లో ఆడవాళ్లు శిల్పంగా చేయడం ఆమెతోనే మొదలు కాలేదు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన వచ్చినప్పుడు క్లేర్ షెరిడన్ అనే శిల్పకారిణి ఎదుట కూర్చుని ఆయన తలను మలిచింది. ఆమె ఎవరనుకున్నారు? గాంధీగారిని అర్ధనగ్న ఫకీరు అని ఎద్దేవా చేసిన చర్చిల్‌కు సొంత పెద్దతల్లి కూతురు! మన మద్రాసు మెరీనాలో 1959లో పెట్టిన గాంధీ దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారు చేసినది. ఆయన కర్ర పట్టుకుని నడుస్తుంటాడు. 2015లో లండన్ పార్లమెంటు ఎదుట, చర్చిల్ విగ్రహం ఉన్న ఆవరణలోనే పెట్టిన గాంధీ నిలబడి ఉంటాడు. ఫ్రెడా చేసిన గాంధీ మాత్రం కూర్చుని ఉంటాడు. ఎక్కడెక్కడో తిరిగిన మనిషి ఆయనకు ఒక స్థిరమైన ఆసనం వేసిపెట్టింది. 1888లో పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రవాడుగా బారిస్టరు చదువుకు వచ్చి, కోటు తొడుక్కుని, ఏమి తినాలో తెలియక పస్తులున్న మోహన్‌దాస్, ఎనభై ఏళ్లకు ఆ ఊళ్లోనే, తాను చదివిన యూనివర్సిటీ కాలేజీకి నడిచిపోయేంత దూరంలో, దుప్పటి కప్పుకుని హాయిగా కూర్చున్నాడు.

ఇంకొక లెక్క చెప్తాను, పెన్షనర్లకు పనికివచ్చేది. ఆవిష్కరణ నాటికి ఆమె వయసు 65. మనలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, 1983లో రిటైర్మెంటు వయసు ఒక్కసారిగా 58 నుండి 55కు దించినప్పుడు, పొద్దున ఆఫీసుకు వచ్చినవాళ్లు సాయంత్రానికి పూలదండలతో ఇళ్లకు పోయారు. నేను అప్పుడు కుర్రవాణ్ణి. ఆ పెద్దల మొహాలు చూశాను. ఇక మన పని అయిపోయింది అన్న మొహాలు. తరువాత మళ్లీ 58 చేశారనుకోండి. నాకూ 2008లో అదే వయసుకు విశ్రాంతి ఇచ్చారు. ఆ రోజు రాత్రి నేనూ అదే మొహంతో పడుకున్నాను. ఆమె జీవితంలో జనం చెప్పుకునే పని లోకానికి వెల్లడైనది 65వ ఏట. అప్పటికి ఆమె ఊరికే కూర్చోలేదు. 1966లో భర్తకు అమెరికాలోని సదరన్ ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తే కార్బండేల్ అనే చిన్న పట్టణానికి కాపురం మార్చారు. మళ్లీ కొత్త దేశం, మళ్లీ పెట్టెలు సర్దుకోవడం! 1986లో తన విగ్రహాల మీద ‘బయోగ్రఫీస్ ఇన్ బ్రాంజ్’ అని ఒక పుస్తకం తెచ్చింది. కంచులో జీవిత చరిత్రలు అన్న మాట. అప్పటికి ఎనభై మూడేళ్లు. 1991లో భర్త పోయాడు. 1999లో, తొంభై ఆరేళ్ల వయసులో, ఆ కార్బండేల్‌లోనే ఆమె కన్నుమూసింది.

ఇప్పుడు చెప్పండి, ఆమె ఏ దేశస్థురాలు? పోలండు పుట్టుక, ఆస్ట్రేలియా వలస, అమెరికా, మాస్కో పెళ్లి, లండన్ కాపురం, మన దేశంలో కొన్నేళ్లు, చివరకు అమెరికా మట్టి. మా మనవరాలు లండన్‌లో ఒకనాడు నన్నడిగింది, "తాతయ్యా, స్కూల్లో నన్ను ఎక్కణ్ణుంచి వచ్చావు అని అడుగుతారు. ఇక్కడే పుట్టానంటే, కాదు, అసలు ఎక్కడ అంటారు. నేనేం చెప్పాలి?" అని. చంద్రశేఖరపురం అని చెప్పు అన్నాను గానీ, అది మన ఊరికి ఎన్ని రోజులు వచ్చిందని? ఈ శిల్పి సంగతి చదివాక నాకు తోచిన జవాబు వేరు. మనిషి ఎక్కడ పుట్టాడు అని రిజిస్టర్లు అడుగుతాయి. ఎక్కడ ఏం చేసి పెట్టాడు అని ఊళ్లు గుర్తుపెట్టుకుంటాయి. గుర్తు పెట్టుకోవాలి, అంతే. తనంతట తాను ఏ ఊరూ గుర్తు పెట్టుకోదు. ఎవరో ఒక గుమాస్తా రాసి పెట్టాలి.

ఆ తోట సంగతి కూడా చెప్పాలి. ఆమె గాంధీ వచ్చి కూర్చున్న తరువాత ఆ తోటకు శాంతి వనం అన్న పేరు పడింది. హిరోషిమాలో అణుబాంబుకు చచ్చినవారి జ్ఞాపకంగా 1967లో నాటిన చెర్రీ చెట్టు అక్కడ ఉంది. యుద్ధంలో మనుషుల్ని చంపము అని నిరాకరించి జైళ్లకు పోయినవారి కోసం 1994లో పెట్టిన బండరాయి ఉంది. 2005 జూలై 7న ఆ తోట పక్కనే రోడ్డు మీద బస్సులో బాంబు పేలి పదముగ్గురు అమాయకులు పోయారు. 2025 సెప్టెంబరు చివర, గాంధీ జయంతి ఇంకా మూడు రోజులుందనగా, ఎవరో విగ్రహం పీఠం మీద పిచ్చిరాతలు రాసిపోయారు. మన హైకమిషను వారు ఖండించారు. ఇవన్నీ జరుగుతున్నా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ప్రతి అక్టోబరు 2న, జనవరి 30న పూలు పెట్టేవారు పెడుతూనే ఉన్నారు.

ఇక నా సంగతి. మొదట్లో చెప్తానన్నాను కదా.

నేను సర్వీసులో చేరిన కొత్త. 1975 ప్రాంతం. ఆఫీసు పేరు వద్దు, ఊరి పేరు వద్దు, మీలో చాలామందికి తెలిసినదే. ఆ ఊళ్లో చందాలు పోగుచేసి గాంధీ విగ్రహం పెట్టాలనుకున్నారు. కంచుకు డబ్బెక్కడిది? సిమెంటు విగ్రహమే. తూర్పు వైపు నుండి భార్యాభర్తలు, చంకన బిడ్డతో వచ్చారు. గుళ్ల గోపురాలకు సున్నపు బొమ్మలు చేసే వృత్తి. దిమ్మె పక్కనే నాలుగు తాటాకులు కప్పుకుని రెండు నెలలు ఉన్నారు. కాళ్లు, చేతులు, పంచె అయ్యేసరికి అతనికి జ్వరం పట్టి మంచాన పడ్డాడు. ముఖం మిగిలిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె మా ఆఫీసు గుమ్మంలో నిలబడింది. "అయ్యగారూ, గాంధీగారి బొమ్మ మీ గోడ మీదుందని చెప్పారండి. ఒక్కపాలి చూసి ఎల్తానండి" అంది. రమ్మన్నాను. గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి చాలాసేపు చూసింది. వేలితో గాలిలో గీసుకుంది. "ఈయన నవ్వితే బుగ్గలు లోనికి పోతాయండి, పళ్లు లేవు కదండి" అంది తనలో తాను అనుకుంటున్నట్టు. నాలుగు రోజులు వరసగా వచ్చింది. ముఖం ఆమే చేసింది. తాపీ కొసతో, భోజనం చేసే చెంచాతో చేసింది. కళ్లజోడుకు ఇనప తీగ వంచి పెట్టింది. పరదా తీసిన నాడు ఊరి ముసలివాళ్లు, "అచ్చం ఆయనే, మాట్లాడేట్టున్నాడు" అన్నారు.

శిలాఫలకం ముసాయిదా రాసే పని నాది. ఆవిష్కర్త, అధ్యక్షుడు, ముఖ్య అతిథులు, చందాదారులు, అంతా కలిసి పదకొండు పేర్లు. హోదాల వరస తప్పకుండా, ఎవరికీ కోపం రాకుండా మూడుసార్లు తిరగరాశాను. ఆమెకు కూలి లెక్క చూసి ఇస్తుంటే, బల్ల మీద ఆ కాగితం చూసి అడిగింది. "అయ్యగారూ, ఇన్ని పేర్లు రాస్తన్నారు కదండి. ఆ కింద మాదీ ఒక ముక్క రాయిస్తారాండి? ఇంకో ఊళ్లో పని అడగడానికి పనికొస్తదండి."

నేనేమన్నానో తెలుసా? "కూలి ముట్టింది కదమ్మా, ఇంకేమిటి?" అన్నాను. కోపంగా కూడా అనలేదు. మామూలుగానే అన్నాను. ఆమె "ముట్టిందండి" అని, బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయింది. రసీదు మీద భర్త వేలిముద్ర వేయించుకున్నాను. బిల్లులో "బొమ్మ పని, కూలీలు ఇద్దరు" అని నా చేత్తో నేనే రాశాను. ఆమె పేరు అడగలేదు.

ఆ మాట నేను మరచిపోయాను. నలభై ఏళ్లకు పైగా మరచిపోయాను. టావిస్టాక్ తోటలో బెంచీ మీద కూర్చున్నప్పుడు, మనవరాలు "దీన్ని చేసిందెవరు?" అని అడిగినప్పుడు, ఫ్రెడా బ్రిలియంట్ పేరు నాకు తెలియదు గానీ, ఈ "ముట్టిందండి" అన్న మాట మాత్రం చెవిలో వినపడింది. నా సర్వీసు రిజిస్టరులో ఒక్క ఇంక్రిమెంటు ఎంట్రీ తప్పిపోతే రెండేళ్లు తిరిగి వేయించుకున్నవాణ్ణి నేను. జీతం ముట్టింది కదా, ఎంట్రీ ఎందుకు అని ఎవరైనా అని ఉంటే ఊరుకునేవాణ్ణా? ఏటేటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము మనం. ఆమె అడిగినది కూడా అలాంటి కాగితమే.

లండన్ శిల్పికి, ఈమెకు పోలిక ఏమిటని మీరు అడగవచ్చు. ఆమె చదువుకున్నది, ప్రధానమంత్రులు ఎదుట కూర్చుంటే బొమ్మలు చేసినది. ఈమె చంకబిడ్డతో ఊరూరా తిరిగినది. నిజమే. కానీ ఇద్దరూ పరాయి ఊరు వచ్చి, ఆ ఊరివాళ్లకు గాంధీని చేసి పెట్టి వెళ్లిపోయినవాళ్లే. ఒకామె పేరు వెతికితే పదకొండేళ్ల పిల్లకు దొరికింది. ఇంకొకామె పేరు డెబ్బై అయిదేళ్ల నాకు దొరకడం లేదు. ఆ తేడా వాళ్ల చేతిపనిలో రాలేదు. రాసేవాళ్ల దగ్గర వచ్చింది.

మన భైరవకోన మనకెంత గర్వం! ఒకే కొండను తొలిచి ఎనిమిది గుళ్లు చేశారు. కార్తీక పౌర్ణమికి పిల్లాపాపలతో పోతాము, జలపాతం కింద తలలు తడుపుకుంటాము. ఆ ద్వారపాలకుల్ని చూసి, పల్లవుల నాటి పని అని బంధువులకు చెప్తాము. రాజుల వంశం పేరు నోటికి వస్తుంది. ఉలి పట్టినవాళ్లు ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఆ కోనలో ఎన్నేళ్లు ఏం తిని బతికారు అని ఎన్నడైనా అనుకున్నామా? ఈ రోజు మన కనిగిరి, పామూరు వైపు పల్లెల నుండి హైదరాబాదుకు, బెంగుళూరుకు పోయి మేడలు కట్టే మన పిల్లల పేర్లు మాత్రం ఏ గోడ మీద ఉన్నాయి?

మిత్రులారా, ఆ సిమెంటు గాంధీ ఇంకా ఉన్నాడు. ఏటా అక్టోబరులో వెండి రంగు వేసి, వేసి, ఆమె చెంచాతో తీర్చిన బుగ్గల ముడతలన్నీ పూడిపోయాయి. కళ్లజోడు తీగ తుప్పుపట్టి ఒకవైపు ఊడింది. మన సంఘం తరఫున దాన్ని బాగుచేయించాలని పోయిన నెల కమిటీలో అనుకున్నాము. కొందరు మిత్రులు పాతది తీసేసి ఫైబరు విగ్రహం కొత్తది పెడదాము, నున్నగా ఉంటుంది, ఖర్చు కూడా తక్కువే అన్నారు. నా మనవి ఒక్కటే. తీయవద్దు. పనివాణ్ణి పెట్టి ఆ రంగు పొరలు జాగ్రత్తగా గీకిస్తే చాలు, లోపల ఆమె చేసిన ముఖం అట్లాగే ఉంటుంది. అందుకయ్యే ఖర్చులో నా ఒక నెల పెన్షను ఇస్తాను.

కొత్త శిలాఫలకం ముసాయిదా రాసే పని కార్యదర్శి గారు మళ్లీ నాకే అప్పగించారు. యాభై ఏళ్లకు అదే ఫైలు మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది! నిన్న రాత్రి రాశాను. సంఘం పేరు, తేదీ వేశాను. మన పేర్లు వేయలేదు, క్షమించాలి. కింద మూడు వాక్యాలు చేర్చాను. చదువుతాను.

"ఈ విగ్రహము చేసినవారు తూర్పు నుండి పని వెతుకుతూ వచ్చిన శిల్పి దంపతులు. ముఖము ఆమె చేసినది. పేరు అడిగి రాయకపోవడం మా పొరపాటు."

ఆ ఊరి పెద్దల్లో ఎవరికైనా ఆ దంపతుల ఇంటిపేరు గానీ, ఊరు గానీ గుర్తుంటే దయచేసి సంఘం ఆఫీసులో చెప్పండి. రాయి చెక్కించేలోపు తెలిస్తే మూడో వాక్యం కొట్టేసి పేరే రాస్తాము. తెలియకపోతే ఉన్నదున్నట్టు చెక్కిద్దాము. ఈ ముసాయిదా సభ ఆమోదానికి పెట్టవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.